తోట చూపించని పెళ్ళిచూపులు

మొన్న మనవరాలిని తీసుకుని నూజివీడు పార్కుకి వెళ్తే గేటు దగ్గరే నన్ను ఆపేశారు. "సంచిలో ఏముందమ్మా?" అని అడిగాడు వాచ్‌మన్. జంతికలూ, అరటిపళ్ళూ ఉన్నాయని చెప్పాను. గోడ మీద బోర్డు చూపించాడు. బయటి తినుబండారాలు లోపలికి తేకూడదట. లోపల నడిచేవాళ్ళకి సిమెంటు బాట, కసరత్తులకి ఇనప సామాను, ఫోటోలు దిగడానికి రంగురంగుల అక్షరాలు, అన్నీ ఉన్నాయి. తిండి మాత్రం ఉండకూడదు. "పార్కుకొచ్చేదే తినడానికి కదయ్యా!" అన్నాను. అతను నవ్వాడు గానీ దారి వదల్లేదు.

ఆటో స్టాండు పక్కన అరుగు మీద కూర్చుని ఆ జంతికలేవో అక్కడే తినేశాం. పిల్లకి అదే సరదాగా ఉంది. నాకే ఎందుకో మనసంతా వెనక్కి వెళ్ళిపోయింది. మా కుటుంబంలో ఒక పెళ్ళి ఈ పార్కులో కుదిరింది. తిండి దగ్గరే కుదిరింది. ఆ సంగతి అతనికి చెబితే లోపలికి పంపేవాడో లేదో.

మాది ఆగిరిపల్లి దగ్గర పల్లెటూరు. మామిడి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి పార్కు సరదా ఏంటని అడుగుతారేమో, చెబుతాను. మా వైపు పూత చూసి తోట అమ్మేస్తారు. అంటే నేల అమ్మేస్తారని కాదు. ఆ ఏటి కాపు మొత్తం వ్యాపారికి ఇచ్చేస్తారు. నేలా మనదే, చెట్లూ మనవే, కాయ మాత్రం కోత అయ్యేదాకా కొన్నవాడిది. అతను పాక వేసుకుంటాడు, కాపలా పెట్టుకుంటాడు. ఇక సొంతదారైనా సరే, కింద రాలిన పిందె ముట్టుకోడు. ఇంత కథ చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి అందరూ పొట్టిగా "తోట అమ్మేశాం" అంటారు. ఆ మాట మాకు మంచినీళ్ళ ప్రాయం.

అమ్మేశాక పిల్లలు తోట వైపు వెళ్ళకూడదని తాతయ్య గట్టిగా చెప్పేవాడు. సరిగ్గా బడికి సెలవులిచ్చేసరికి మా తోట మాది కాకుండా పోయేది. ఇంట్లో నేనూ తమ్ముడూ చేసే అల్లరి భరించలేక, అప్పుడప్పుడు ఆదివారం పూట మమ్మల్ని బస్సెక్కించి నూజివీడు పార్కుకి తీసుకెళ్ళేవారు. నాయనమ్మ, తాతయ్య, నాన్న చెల్లెలైన మా అత్త, మేమిద్దరం. నాన్న పొలం వదిలి వచ్చేవాడు కాదు. అమ్మకి గేదెలు.

బస్సు దిగగానే మల్లెపూల వాసన, బజ్జీల నూనె వాసన, తడిపిన మట్టి వాసన కలిసి వచ్చేవి. పార్కు మధ్యలో స్తంభానికి రేడియో కట్టి ఉండేది. సాయంత్రం వార్తలప్పుడు పెద్దమనుషులంతా దాని కిందకి చేరి తలలు పైకెత్తి వినేవారు. జారుడుబల్ల ఎన్ని లాగులు చింపిందో లెక్క లేదు. చుట్టూ క్రోటన్ మొక్కల కంచె, అశోక చెట్లు, ఎప్పుడో ఒకసారి మాత్రమే నీళ్ళు చిమ్మే ఫౌంటెను.

నాయనమ్మకి ఆ పార్కు మీద మొదటి నుంచీ అనుమానమే. "ఇన్ని చెట్లు పెట్టారు, ఒక్కటీ కాయదేంట్రా? వీటికి నీళ్ళెందుకు దండగ?" అని తోటమాలికి వినిపించేలా అనేది. గేటు బయట బండి మీద కలెక్టరు రకం మామిడికాయలు ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి అమ్ముతుంటే ఆమెకి నిజంగానే కోపం వచ్చేది. "మామిడికాయ కొనుక్కుని తినే ఖర్మ మనకేంటి?" అంటూ మమ్మల్ని లాక్కుపోయేది. తమ్ముడు ఏడుపు లంకించుకునేవాడు. కాసేపటికి అత్త కనిపించేది కాదు. వచ్చేటప్పుడు కొంగు చాటున కాగితం పొట్లం ఉండేది. అశోక చెట్టు వెనక ముగ్గురం పళ్ళు పులిసిపోయేదాకా తినేవాళ్ళం.

ఇంకో చిక్కుండేది. బజారులో నిలబడి నోరాడించే ఆడది మా ఇంటా వంటా లేదని నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది. కానీ ఆమెకి మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండిన బజ్జీ అయితే మరీను. అందుకని ఒక ధర్మశాస్త్రం తయారుచేసుకుంది. గేటు బయట తింటే బజారు తిండి. గేటు దాటి గడ్డి మీద కూర్చుని తింటే తోటలో తిన్నట్టు లెక్క. తాతయ్య బండి దగ్గరికి వెళ్ళి బజ్జీలూ, ముంత మసాలా, గోళీ సోడాలూ తెచ్చేవాడు. నాయనమ్మ ఇంటి నుంచి తెచ్చిన దిబ్బరొట్టె, కొత్తావకాయ మధ్యలో పెట్టేది. ఊళ్ళో తలెత్తకుండా నడిచే మా ఇంటి ఆడవాళ్ళు అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. అత్త పకపకా నవ్వేది. ఇంట్లో అంత గట్టిగా నవ్వితే ఎవరో ఒకరు "ఏంటా నవ్వు?" అనేవారు. పార్కులో ఎవరూ అనేవారు కాదు.

ఆ అత్తకే సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవాళ్ళంతా ఒకలాగే వచ్చేవారు. జీపు దిగి కాళ్ళు కడుక్కోకుండానే "తోట ఒకసారి చూసొద్దామండీ" అనేవారు. ఏ రకం చెట్లు, ఏ వయసువి, బోరు ఎంత లోతు, గట్టు అవతల ఎవరిది, అన్నీ అడిగేవారు. మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసేవారు. తిరిగొచ్చి కాఫీ తాగేటప్పుడు, అత్త కప్పు అందిస్తే, ఆ కప్పు వైపు చూసేవారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో "చాలా బాగుందండీ" అన్నాడు. అమ్మాయా అని నాయనమ్మ ఆశగా ముందుకొచ్చింది. తోటట.

ఆ రోజు అత్త పెళ్ళిచూపుల చీర మార్చుకోకుండా పెరట్లో చాలాసేపు కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "నేను ఎలా ఉంటానే?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియక "అత్తలా ఉంటావు" అన్నాను. ఆమె నవ్వి నా తల నిమిరింది. రాత్రి భోజనాల దగ్గర తాతయ్యతో ఒకటే మాట చెప్పింది.

"ఈసారి ఎవరొచ్చినా తోట చూపించకు నాన్నా. చూపిస్తే నేను గదిలోంచి బయటికి రాను."

"తోటేమన్నా దాచుకునే వస్తువా అమ్మా? రోడ్డు పక్కనే కనిపిస్తుంటే ఎలా దాస్తాం?" అన్నాడు తాతయ్య.

దాచడం కుదరదు కాబట్టే, పార్కు గుర్తొచ్చింది. నూజివీడులో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి సంబంధం ఉందని తెలిసిన పెద్దాయన చెప్పాడు. బందరు వైపు వాళ్ళు. తండ్రి లేడు, తల్లి బడిలో టీచరు. ఆమె కొడుకుని చూడటానికి వచ్చినప్పుడు పార్కులో కలుసుకునేలా ఏర్పాటు చేశారు. చూసేవాళ్ళకి మామూలు షికారులా ఉండాలని మమ్మల్నీ వెంటబెట్టుకెళ్ళారు. "పెళ్ళిచూపులని ఎవరితోనూ అనకండర్రా" అని నాయనమ్మ బస్సులో మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. జారుడుబల్ల దగ్గర వరసలో నిలబడ్డ పిల్లలందరికీ తమ్ముడు ముందుగా చెప్పిన వార్త అదే.

అబ్బాయి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎక్కడ చూడాలో తెలియక తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. తల్లి మాత్రం కళ్ళజోడులోంచి నేరుగా అందరినీ చూసింది. నేను వెంటనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా బడిలో టీచరమ్మలూ అలాగే చూసేవారు మరి.

తాతయ్య బజ్జీలు తెచ్చాడు. అత్తకి మొహమాటంలో ఏం చేస్తోందో తెలియలేదు. ఒక బజ్జీ మొత్తం నోట్లో పెట్టేసుకుంది. అది అసలు సిసలు మిరపకాయ. కళ్ళ నిండా నీళ్ళు. ఉమ్మలేదు, మింగలేదు. ఆ అబ్బాయి గబగబా లేచి గోళీ సోడా కొట్టించుకొచ్చాడు. ఆ హడావిడిలో సగం సోడా తన చొక్కా మీదే పోసుకున్నాడు. అది చూసి అత్త ఆ కారంలోనే, ఆ కన్నీళ్ళలోనే పకపకా నవ్వేసింది. నాయనమ్మ ఆమె తొడ మీద గిల్లింది. నేను చూశాను.

అప్పుడు టీచరుగారు మాట కలపడానికి అన్నట్టు అడిగింది. "మామిడి తోటల ఊరు కదండీ మీది. మీకూ ఉందా తోట?"

నాయనమ్మ తాతయ్య వైపు చూసింది. తోట ఊసెత్తకూడదని అత్త ఆజ్ఞ. ఆ మాట అక్కడితో తుంచెయ్యాలని చప్పున చెప్పేసింది.

"అమ్మేశామండీ మొన్ననే. ఇంక మాకేం పని అక్కడ? అటు వెళ్ళడమే మానేశాం."

ఆవిడ మొహం మారిపోయింది. "అయ్యో" అని నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి వదినగారూ. మనుషులు బాగుంటే చాలు" అంది. నాయనమ్మకి ఏమీ బోధపడలేదు. తిరుగు బస్సులో "మంచావిడే గానీ, ప్రతిదానికీ అయ్యో అంటుందేంటి?" అంది.

వాళ్ళ నుంచి కబురు రాలేదు. వాకిట్లో సైకిల్ బెల్లు మోగితే చాలు, నాయనమ్మ వంటింట్లోంచి తొంగిచూసేది. అత్త కుట్టుమిషను ముందు కూర్చుని నా గౌను అంచులు కుట్టేది, విప్పేది, మళ్ళీ కుట్టేది. చివరికి సంబంధం చెప్పిన పెద్దాయన వచ్చి, కండువాతో మొహం తుడుచుకుంటూ తాతయ్యని మెల్లగా అడిగాడు.

"తోట ఎప్పుడు అమ్ముకున్నారండీ? నాతో మాటమాత్రం చెప్పలేదు. ఆ టీచరుగారు తెగ బాధపడుతోంది. పాపం చితికిపోయారట, వాళ్ళ దగ్గర ఆ ప్రస్తావన తేవద్దు అని నాతో మరీ మరీ చెప్పింది."

ముందు నాన్న నవ్వాడు, తర్వాత అమ్మ నవ్వింది. నాయనమ్మ తల బాదుకుంది. తాతయ్య మాత్రం నవ్వలేదు. చేతిలో కర్ర నేలకేసి కొట్టాడు. "నా నేల నేను అమ్ముకుని రోడ్డున పడ్డానని అనుకుంటున్నారా? ఈ బస్సుకే వెళ్ళి చెప్పి రావయ్యా!" అన్నాడు.

"చెప్పొద్దు" అంది అత్త. గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కత్తెర. "వాళ్ళు తోట లేదనే అనుకోనీ నాన్నా. లేదనుకుని వస్తే రానీ. రాకపోతే మానెయ్యనీ."

"రాకపోతే?" అంది నాయనమ్మ.  "ఇదీ తప్పిపోతే ఇంకెవరొస్తారే?"

"తోట కోసం వచ్చేవాళ్ళు ఎప్పుడైనా వస్తారమ్మా. వాళ్ళకేం తక్కువ?"

తాతయ్య కూతురి వైపు చూశాడు. పౌరుషం ఒకవైపు, పిల్ల ఒకవైపు. కర్ర గోడకి చేర్చి కూర్చున్నాడు. "సరే. కానీ ఒప్పుకుంటున్నాం అని వాళ్ళ నోట వచ్చాక మాత్రం ఒక్క క్షణం దాచను. అబద్ధం మీద పెళ్ళి చెయ్యలేనమ్మా" అన్నాడు. అత్త తల ఊపింది. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరం గుసగుసగానే మాట్లాడుకున్నాం. తమ్ముడు కూడా.

కబురొచ్చింది. ఆదివారం మళ్ళీ పార్కుకే రమ్మని. ఏ సంగతీ చెప్పలేదు. కాదనడానికి ఇంత దూరం పిలుస్తారా అని అమ్మ. మొహం మీద చెప్పడమే మర్యాద అనుకునే రకమేమోనని నాయనమ్మ. అత్త అదే చీర కట్టుకుంది, మొన్న పార్కుకి కట్టుకున్నదే.

మేం వెళ్ళేసరికి వాళ్ళు ముందే వచ్చి గడ్డి మీద జంపకానా పరిచారు. టీచరుగారు పెద్ద స్టీలు క్యారేజీ విప్పి కూర్చుంది. పులిహోర, గారెలు, పెరుగన్నం, పిల్లలకి సున్నుండలు. కొడుకు గదిలో కిరసనాయిలు స్టవ్ మీద పొద్దుటి నుంచీ వండిందట. బండి వైపు వెళ్ళబోయిన తాతయ్యని "ఇవాళ మీరేమీ కొనకూడదు అన్నయ్యగారూ, కూర్చోండి" అని ఆపింది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. తన చేతి ఖర్చు కూడా ఆవిడ తప్పిస్తోందని ఆయనకి అర్థమైంది. జీవితంలో ఒకరి జాలి తినని మనిషి. జంపకానా చివర ముడుచుకుని కూర్చున్నాడు.

ఆవిడ మా అందరికీ ఆకుల్లో పులిహోర పెట్టింది. తర్వాత గరిటె పక్కన పెట్టి తాతయ్యతో చెప్పింది.

"ఒక్క మాట అన్నయ్యగారూ. ఉన్నది పోయిందని మీరు చిన్నబుచ్చుకోకండి. మాకు అమ్మాయి నచ్చింది. మొన్న కళ్ళంట నీళ్ళు కారుతుంటే కూడా నవ్వింది చూశారూ, నాకు అప్పుడే నచ్చింది. మావాడికైతే అంతకు ముందే నచ్చినట్టుంది. నాలుగు రోజులు ఆలస్యం ఎందుకయిందంటే, పెళ్ళి మీకు బరువు కాకుండా ఎలా చెయ్యాలా అని మా అన్నయ్యతో మాట్లాడి వచ్చాను. మీరు పిల్లని పంపండి, చాలు."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అత్త తల వంచుకుంది. తాతయ్య లేచి నిలబడ్డాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, నువ్వు చాలా పెద్ద మాట అన్నావు. కానీ నేనొక సంగతి చెప్పాలి. మా తోట ఎక్కడికీ పోలేదు. మా వైపు అమ్మేశాం అంటే ఆ ఏటి కాయ అమ్మేశాం అని. నేల కాదు. మా ఆవిడ మామూలుగా అన్న మాట మీకు ఇంకోలా వినపడింది."

మళ్ళీ గరిటె అందుకోబోయిన ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. రేడియోలో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. తమ్ముడు తప్ప అందరం తినడం మానేశాం.

"అంటే ఇన్నాళ్ళూ మాకు పరీక్ష పెట్టారా?" అంది. టీచరు గొంతు వచ్చేసింది. "నేను అక్కడ నిద్రపట్టక దొర్లుతుంటే, మీరు తెలిసీ ఊరుకున్నారా?"

"అయ్యో, పరీక్షేంటి వదినా..." అని నాయనమ్మ కంగారుపడింది. అబ్బాయి "అమ్మా" అన్నాడు. ఆవిడ అతన్ని చేత్తోనే ఆపింది.  అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు అత్త తలెత్తింది. పెళ్ళిచూపుల్లో అత్త తనంతట తాను మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"నాన్న ఆ రోజే కబురు పంపుతానన్నారండీ. నేనే వద్దన్నాను. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ తోట చూశారు. బాగుందన్నారు. నన్ను చూసి వచ్చేవాళ్ళు ఒక్కళ్ళైనా ఉంటారేమోనని... నాకు తెలుసుకోవాలనిపించిందండీ. మిమ్మల్ని బాధపెట్టుంటే క్షమించండి."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని అత్త వైపు చూసింది. కప్పు వైపు కాదు, చీర వైపు కాదు, మొహంలోకి చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో నాకు తెలియదు. నా చేతిలో పులిహోర ఆకు తడిసి వంగిపోయింది.

"ముందే తెలిసుంటే నేనూ తోట చూడటానికే వచ్చేదాన్నేమో" అంది చివరికి. "బడిపంతుళ్ళ ఇల్లు మాది. ఆశ ఉండదా? ఇప్పుడు నేను దేనికొచ్చానో నీకే కాదు, నాకూ తెలిసింది." గరిటె నిండా పులిహోర తీసి అత్త ఆకులో వేసింది. "తిను తల్లీ. ఇందులో మిరపకాయలు చూసుకుని తిను."

అత్త నవ్వబోయి ఏడ్చింది. అబ్బాయి మళ్ళీ సోడా కోసం లేచాడు.

ఆ అబ్బాయే మా మామయ్య. వాళ్ళ పెళ్ళి మామిడి కోతలయ్యాక, వానలు పడే ముందు జరిగింది. ఆ తర్వాత ఏటా పూత వేళకి ఆ టీచరమ్మగారు తాతయ్యకి ఉత్తరం రాసేది. "ఈ ఏడు ఏం అమ్మారు అన్నయ్యగారూ, కాయా నేలా?" అని. తాతయ్య ఆ ఉత్తరం వీధిలో అందరికీ చదివి వినిపించి, తనే ముందు నవ్వేవాడు.

ఇప్పుడు ఆ ఉత్తరం రాసిన ఆవిడా లేరు, చదివి నవ్విన తాతయ్యా లేడు. బజ్జీల బండి లేదు, రేడియో స్తంభం లేదు. తోట కూడా లేదు. బోర్లు ఎండి, ధరలు పడి, నాన్న ముసలితనంలో ఇక లాగలేక నిజంగానే అమ్మేశాడు. ఇప్పుడక్కడ రాళ్ళు పాతిన ప్లాట్లున్నాయి. సంతకాలు పెట్టి వచ్చిన సాయంత్రం నాన్న ఇంటికి వెళ్ళలేదు. చెల్లెలికి ఎదురుపడి చెప్పాలని నన్ను తోడు తీసుకుని అత్త వాళ్ళింటికి వెళ్ళాడు. పుట్టింటి తోట పోగొట్టాడని ఎక్కడ అంటుందోనని దారంతా చేతులు నలుపుకుంటూనే ఉన్నాడు. తీరా వెళ్ళాక నోరు పెగల్లేదు. నేనే చెప్పాను.

అత్త విని లేచింది. లోపలికి వెళ్ళి కంచం తెచ్చి అన్న ముందు పెట్టింది. వేడి అన్నం వడ్డించి, నెయ్యి వేసి, పక్కనే కూర్చుంది.

"దిగులు పడకు అన్నయ్యా. వాళ్ళు నన్ను తోట లేదనుకునే తీసుకెళ్ళారు కదా. నాదేం పోలేదు. తిను" అంది.

నాన్న అన్నం కలుపుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.